జూన్ 21 అన్నిటికన్నా పొడవైన పగలైతే, ఆ రోజుకు ముందే సూర్యోదయం ఎందుకు ఆలస్యమవుతోంది?

పొద్దున్నే నడక (జూన్ 14)

అందరికీ నమస్కారం. నేను రోజూ తెల్లవారుజామున నడకకు వెళ్తాను. ఫోన్‌లో సూర్యోదయం ఎన్నింటికో చూసుకుని, ఇరవై నిమిషాల ముందు ఇల్లు కదలడం అలవాటు. జూన్ మొదటి వారంలో 5:41 చూపించేది. ఇవాళ 5:42. నిమిషమే కదా అనుకోవచ్చు, కానీ అది వెళ్లాల్సిన వైపుకు కాకుండా ఎదురు వైపుకు వెళ్తోంది. సంవత్సరం మొత్తంలో పొడవైన పగలు జూన్ 21 అని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. దానికింకా వారం ఉంది. పగలు పెరుగుతున్నప్పుడు పొద్దు ముందుకు జరగాలి గానీ వెనక్కి పోవడమేమిటి?

ఇదే మాట ఇంట్లో అంటే మా అమ్మాయి (ఎనిమిదో తరగతి) ఇంకో చిక్కు తెచ్చింది. ఎండాకాలంలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందని ట్యూషన్‌లో చెప్పారట. "అయితే నాన్నా, దగ్గరకొచ్చేది భూమి మొత్తం కదా, సగం భూమికే ఎండాకాలం ఎందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మూడోది ఆఫీసు సంగతి. మా ప్రాజెక్టులో స్వీడన్ టీమ్ ఒకటుంది. వచ్చే శుక్రవారం ఒక్కరు కూడా మెయిల్ చూడరట, మిడ్‌సమ్మర్ అట. మామూలుగా సెలవుల్లో కూడా ఒకరైనా దొరుకుతారు. పొడవైన పగటికి అంత పెద్ద పండుగ ఉంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి. అమ్మాయికి చదివి వినిపిస్తాను, కాబట్టి కొంచెం విడమరిచి రాయండి.

నీడల లెక్క (జూన్ 14)

మీ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. ట్యూషన్‌లో చెప్పినది తప్పని ఆ ప్రశ్నే చెప్పేస్తోంది. నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ "దగ్గరగా రావడం" అనే మాట ఒకసారి బుర్రలో నాటుకుందంటే పెద్ద చదువులు చదివినా వదలదు, అది నా కళ్లారా చూశాను. అందుకే ముందు దాన్ని పీకేద్దాం.

భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో. అప్పుడు దూరం దాదాపు 14.71 కోట్ల కిలోమీటర్లు. అన్నిటికన్నా దూరంగా ఉండేది జూలై మొదటి వారంలో, 15.21 కోట్ల కిలోమీటర్లు. అంటే ఉత్తరార్ధగోళంలో ఎండలు కాసే రోజుల్లో మనం సూర్యుడికి దూరంగా ఉన్నాం. దూరానికి అసలు ప్రభావమే లేదని కాదు. జనవరిలో భూమి మొత్తం మీద పడే ఎండ జూలైలో కన్నా 7 శాతం దాకా ఎక్కువ. కానీ కాలాలను నడిపేది అది కాదు.

నడిపేది వాలు. భూమి తన చుట్టూ తాను తిరిగే ఇరుసు నిటారుగా లేదు, 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. ఇది పుస్తకంలో బొమ్మ చూస్తే సగమే అర్థమవుతుంది, చేసి చూడాలి. ఒక స్పాంజి బంతి తీసుకుని నడిమధ్యగా పెన్సిల్ గుచ్చండి. గది మధ్యలో స్టూల్ మీద బల్బు పెట్టి మిగతా దీపాలు ఆపేయండి. బంతిని కొంచెం ఒరగబట్టి అమ్మాయిని బల్బు చుట్టూ నడవమనండి. ఒకే ఒక్క షరతు: ఎటు నడిచినా పెన్సిల్ మొన మాత్రం గోడ గడియారం వైపే చూడాలి. ఇక్కడే పిల్లలందరూ పొరపడతారు. నడుస్తూ నడుస్తూ చేతిని తిప్పేసి, మొనను ఎప్పుడూ బల్బు వైపే ఉంచుతారు. అలా కాదు. భూమి ఇరుసు సంవత్సరం పొడుగునా ధ్రువ నక్షత్రం వైపే చూస్తుంది, సూర్యుడు ఏ పక్కన ఉన్నా సరే.

షరతు తప్పకుండా నడిస్తే, ఒకచోట మొన బల్బు వైపు ఒరిగి ఉంటుంది. సరిగ్గా ఎదురుగా అవతలి పక్కకు వెళ్లేసరికి అదే మొన బల్బుకు దూరంగా ఒరిగి ఉంటుంది. మొదటి చోటు జూన్, రెండోది డిసెంబర్. జూన్ చోట ఆగి బంతిని పెన్సిల్ చుట్టూ మెల్లగా తిప్పమనండి. బంతి పైసగం మీద ఒక చుక్క పెట్టి ఉంచితే, ఆ చుక్క వెలుగులో ఎక్కువ సేపు, చీకట్లో తక్కువ సేపు ఉండటం కంటికి కనిపిస్తుంది. కింది సగంలో చుక్కకు దీనికి తలకిందులు. "సగం భూమికే ఎందుకు" అన్నదానికి జవాబు ఆ చుక్కే.

పగలు పొడవు కావడంతో పాటు ఎండ పడే తీరు కూడా మారుతుంది. టార్చిని నేల మీదికి నిటారుగా పట్టుకుంటే చిన్న గుండ్రం పడుతుంది, బాగా వెలుగుతుంది. ఏటవాలుగా పట్టుకుంటే అదే వెలుతురు పొడుగ్గా పరుచుకుని పలచబడుతుంది. సూర్యుడు నడినెత్తికి దగ్గరగా వచ్చినప్పుడు ఎండ చురుక్కుమనేది ఇందుకే. జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండేది కర్కట రేఖ మీద. ఆపైన ఇక ఉత్తరానికి రాడు, వెనక్కి తిరుగుతాడు. అయనం అంటే నడక. ఆ నడక చివర కాబట్టి అయనాంతం. ఇంగ్లీషు వాళ్ల సోల్‌స్టిస్ లాటిన్ నుంచి వచ్చింది, సూర్యుడు నిలబడిపోవడం అని అర్థం.

ఈ "నిలబడిపోవడం" అన్నమాట ఎంత నిజమో నేను డాబా మీద చూశాను. రిటైరైన ఏడాది నేల నుంచి సరిగ్గా మీటరు ఎత్తు వచ్చేలా ఒక ఇనప కడ్డీ నిలబెట్టాను. దారానికి గుండు కట్టి నిటారుగా ఉందో లేదో సరిచూసుకున్నాను. రోజూ మధ్యాహ్నం దాని నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు కొస దగ్గర సుద్దతో గీత పెట్టి, కొలిచి పుస్తకంలో రాసుకునేవాణ్ని. మార్చి 20 ప్రాంతంలో గీతకూ గీతకూ మధ్య ముప్పావు సెంటీమీటరు దాకా ఎడం ఉండేది, రోజురోజుకూ నీడ కుదించుకుపోయేది. మే రెండో వారం వచ్చేసరికి నీడే లేదు, కడ్డీ మొదట్లో ముడుచుకుపోయింది. తర్వాత అటుపక్క, దక్షిణం వైపు, మళ్లీ సాగడం మొదలుపెట్టింది. అలా సాగుతూ జూన్ రెండో వారం దాటాక గీతలు ఒకదాని మీద ఒకటి పడసాగాయి. జూన్ 16 నుంచి 26 వరకు పదకొండు గీతలు పెట్టాను. పదకొండూ కలిపి ఒకటే లావు గీతలా కనిపించాయి. ఆ పది రోజుల్లో నీడ కొస అటూ ఇటూ కదిలింది ఒకటిన్నర మిల్లీమీటరే. సుద్దముక్క మందమే అంతకన్నా ఎక్కువ. మోకాళ్ల మీద కూర్చుని ఆ లావు గీత చూస్తూ చాలాసేపు ఉండిపోయాను. ముప్పై ఏళ్లు అలలా లేచి దిగే కొసైన్ వక్రం బోర్డు మీద గీశాను, దాని శిఖరం దగ్గరి చదును నా డాబా మీద పడుందని అప్పుడు తెలిసింది.

కాబట్టి జూన్ 21ని ఒక్క రోజుగా చూడకండి. అటూ ఇటూ కొన్ని రోజులు పగటి పొడవులో తేడా సెకన్లలోనే ఉంటుంది. అయనాంతం అనేది లెక్కలో ఒక క్షణం, ఆ క్షణం ఏటా దాదాపు 5 గంటల 49 నిమిషాలు వెనక్కి జరుగుతుంది, లీపు సంవత్సరంలో మళ్లీ ముందుకు వస్తుంది. అందుకే ఒక్కోసారి 20న, ఒక్కోసారి 21న, అరుదుగా 22న పడుతుంది.

సూర్యోదయం సంగతి విడిగా రాస్తాను, అది కొంచెం పెద్ద లెక్క.

బిర్చి చెట్టు కింద (జూన్ 15)

స్వీడన్ గురించి నేను చెప్తాను. స్టాక్‌హోమ్‌కు వచ్చి ఏడేళ్లయింది. మీ టీమ్ వాళ్లు మెయిల్ చూడరన్నది అక్షరాలా నిజమండీ, వాళ్లనేమీ అనుకోకండి.

ఇక్కడ మిడ్‌సమ్మర్ ముందురోజే అసలు పండుగ. 1953 నుంచి దాన్ని జూన్ 19కీ 25కీ మధ్య వచ్చే శుక్రవారానికి మార్చారు, అంతకుముందు 23నే జరుపుకునేవాళ్లు. ఆ రోజు నగరం ఖాళీ. అందరూ పల్లెల్లో, సరస్సుల పక్కన, దీవుల్లో ఉన్న చిన్న చిన్న ఇళ్లకు వెళ్లిపోతారు. మొదటి సంవత్సరం నాకిది తెలియదు. మధ్యాహ్నం పాల కోసం బయటికి వస్తే వీధిలో నా అడుగుల చప్పుడు నాకే వినిపించింది.

రెండో ఏడాది ఆఫీసులో ఒకావిడ వాళ్ల ఊరికి రమ్మంది. పొద్దున్నే అందరూ పొలాల్లోకి వెళ్లి పూలు, బిర్చి కొమ్మలు కోసుకొచ్చారు. పొడవాటి మానుకు అడ్డకర్ర కట్టి, రెండు పక్కలా రెండు పెద్ద పూల చక్రాలు వేలాడదీసి, మొత్తం ఆకులతో చుట్టారు. మగవాళ్లు, ఆడవాళ్లు, తాతలు కలిసి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని కేకలేస్తూ దాన్ని పైకి లేపారు. అది నిటారుగా నిలబడగానే దాని చుట్టూ వలయాలుగా చేరి ఆట. అందులో కప్పల ఆట ఒకటుంది. కప్పలకు చెవుల్లేవు, తోకల్లేవు అని పాడుతూ చేతులు చెవుల దగ్గర, నడుము వెనక ఆడిస్తూ గెంతాలి. మా మేనేజర్, డెబ్బై ఏళ్ల వాళ్ల నాన్న, నాలుగేళ్ల మనవరాలు ముగ్గురూ ఒకే శ్రద్ధతో గెంతుతుంటే నేనూ గెంతాను. వాన పడింది. ఎవరూ ఆపలేదు, రెయిన్‌కోట్లు తొడుక్కుని కొనసాగించారు. వాన పడని మిడ్‌సమ్మర్ తక్కువట.

భోజనంలో ఊరబెట్టిన హెర్రింగ్ చేప, కొత్త బంగాళాదుంపలు, చివర్లో స్ట్రాబెర్రీలు. రాత్రి అని చెప్పాలంటే నోరు రాదు, చీకటి పడదు కదా. ఆ రోజుల్లో ఇక్కడ సూర్యోదయం 3:30కి, అస్తమయం 10 దాటాక. పగలు 18 గంటల 37 నిమిషాలు. సూర్యుడు దిగాక కూడా ఆకాశం పాలిపోయినట్టు తెల్లగా ఉంటుంది, తెల్లారేదాకా అలాగే. వచ్చిన కొత్తలో మా బాబు రాత్రి పదకొండింటికి కిటికీ చూపించి "ఇంకా పగలే కదమ్మా" అని పడుకునేవాడు కాదు. నల్ల కర్టెన్లు కొనేదాకా ఇద్దరికీ నిద్ర లేదు.

ఆ రాత్రి పెళ్లికాని అమ్మాయిలు ఏడు రకాల పూలు కోసి దిండు కింద పెట్టుకుంటారు, కాబోయేవాడు కలలోకి వస్తాడని. కోసేటప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. నన్ను పిలిచినావిడ చెల్లెలు పొలం గట్టున అలా మౌనంగా వెళ్తుంటే, ఎదురొచ్చినవాళ్లు కూడా పలకరించకుండా తప్పుకుని దారి ఇచ్చారు. నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

ఇంత ఆనందం ఎందుకో మొదటి డిసెంబర్ గడిపాక అర్థమైంది. అప్పుడు పగలు ఆరు గంటలే. మధ్యాహ్నం మూడింటికి బయట దీపాలు. ఆర్నెల్లు అలా గడిపినవాళ్లకు జూన్ వెలుతురు ఊరికే పోనివ్వడానికి మనసు రాదు.

పక్క దేశాల్లోనూ ఉంది. ఫిన్లాండ్‌లో సరస్సు ఒడ్డున పెద్ద మంట వేస్తారు, జాతీయ జెండాను ఆ రాత్రంతా దించరు. లాట్వియాలో జూన్ 23 సాయంత్రం నుంచి ఓక్ ఆకుల కిరీటాలు పెట్టుకుని, పాటలు పాడుతూ, మంటల మీదుగా దూకుతూ పొద్దుపొడిచేదాకా మేలుకుంటారు. డెన్మార్క్‌లో కూడా 23 రాత్రే మంటలు. 21 కాకుండా 23, 24 ఎందుకంటే, 24 సెయింట్ జాన్ పండుగ. పాత రోమన్ కేలండర్‌లో అయనాంతాన్ని ఆ తేదీల్లోనే లెక్కేసేవారు. చర్చి పండుగ ఆ పాత రోజుల మీదికి వచ్చి కూర్చుంది, మంటలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

కింది సగం (జూన్ 15)

నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను. ఒక చిన్న విన్నపం: "జూన్ 21 పొడవైన పగలు" అని రాసేటప్పుడు ఉత్తరార్ధగోళంలో అని ఒక్క మాట కలపండి. ఇక్కడ ఆ రోజు అన్నిటికన్నా పొట్టి పగలు, తొమ్మిదిన్నర గంటలే. మా పొడవైన పగలు డిసెంబర్ 21 లేదా 22. పుస్తకాల్లో ఇది రాయకపోవడం వల్ల మా పిల్లలు రెండు రకాల పాఠాలు నేర్చుకోవాల్సి వస్తోంది.

పెరూలోని కుస్కోలో జూన్ 24న ఇంతి రైమి అని సూర్యుడి పండుగ జరుగుతుంది. చాలామంది దాన్ని కూడా వేసవి అయనాంతం పండుగల జాబితాలో వేసేస్తారు. అది దక్షిణార్ధం, వాళ్లకది చలికాలం. దూరమైపోతున్న సూర్యుణ్ని తిరిగి రమ్మని ఇంకాలు (స్పెయిన్ వాళ్లు రాకముందు అక్కడ రాజ్యమేలినవాళ్లు) వేడుకున్న పండుగ అది. స్పెయిన్ పాలకులు దాన్ని నిషేధించారు. 1944 నుంచి మళ్లీ నాటకరూపంలో, సాక్సైవామన్ అనే పాత రాతికోట దగ్గర జరుపుతున్నారు. అంటార్కిటికా పరిశోధన కేంద్రాల్లో కూడా జూన్ 21 పెద్ద పండుగే, చీకటి సగం గడిచిందని.

పొద్దున్నే నడక (జూన్ 16)

ఇన్ని తెలుస్తాయని అనుకోలేదు. నిన్న రాత్రి బంతి, పెన్సిల్ ఆట ఆడాం. మాస్టారు చెప్పినట్టే మా అమ్మాయి మొదటిసారి చేయి తిప్పేసింది. రెండోసారి కళ్లు గడియారం మీదే పెట్టి నడిచి, స్టూలుకు తట్టుకుని పడబోయింది. మూడోసారి కుదిరింది. డిసెంబర్ చోటుకు రాగానే "నాన్నా, పై చుక్క చీకట్లోకి పోయింది" అని అరిచింది. మెల్‌బోర్న్ గారి మాట కూడా చెప్పాను, కింది చుక్క వాళ్లదే అని పేరు పెట్టుకుంది.

మాస్టారూ, మరి నా నిమిషం సంగతి? ఇంకో సందేహం కూడా. జూన్ 21న ఎండ ఎక్కువైతే వేడి కూడా ఆ రోజే ఎక్కువ ఉండాలి కదా?

నీడల లెక్క (జూన్ 16)

వేడిది తేలిక. రాబడి ఖర్చు కన్నా ఎక్కువ ఉన్నంతకాలం డబ్బు పోగవుతూనే ఉంటుంది, రాబడి కాస్త తగ్గడం మొదలైనా సరే. నేల, సముద్రం కూడా అంతే. అయనాంతం దాటాక వచ్చే ఎండ కొద్దికొద్దిగా తగ్గుతున్నా, పోయే వేడి కన్నా ఇంకా ఎక్కువే. అందుకే ఉత్తరాన చాలా దేశాల్లో జూలై, ఆగస్టులే వేడి నెలలు. రోజులో కూడా పన్నెండింటికి కాదు, రెండు మూడు గంటలకు కదా ఉడికిపోయేది. కర్కట రేఖకు దిగువన మాత్రం లెక్క వేరు. అక్కడ సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు నడినెత్తికి వస్తాడు, మబ్బులూ వానలూ మధ్యలో దిగి వేడిని ముందే విరిచేస్తాయి.

ఒక వింత చెప్తాను, మీ అమ్మాయికి నచ్చుతుంది. జూన్ 21న 24 గంటల్లో వాతావరణం పైభాగాన పడే ఎండను కూడితే, భూమధ్యరేఖ కన్నా ఉత్తర ధ్రువానికే ఎక్కువ వస్తుంది. అక్కడ సూర్యుడు అస్తమించడు కదా. అయినా మంచు ఆ ఎండలో చాలా భాగాన్ని తిప్పికొట్టేస్తుంది, ఉన్న వేడి మంచు కరగడానికే సరిపోతుంది.

ఇప్పుడు మీ నిమిషం. మీ ఫోన్ సరిగ్గానే చెప్తోంది. మనం సూర్యోదయం, సూర్యాస్తమయం రెండింటినీ గడియారంతో కొలుస్తున్నాం. గడియారానికి రోజూ సరిగ్గా 24 గంటలే. సూర్యుడికి అలా కాదు. భూమి తన చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాలు చాలు. కానీ ఈలోగా అది సూర్యుడి చుట్టూ కూడా కొంత ముందుకు జరిగి ఉంటుంది, కాబట్టి సూర్యుణ్ని మళ్లీ అదే చోట చూడాలంటే ఇంకో నాలుగు నిమిషాలు తిరగాలి. ఈ నాలుగు నిమిషాలు ఏడాది పొడుగునా ఒకేలా ఉండవు. ఇరుసు వాలి ఉండటం వల్ల అయనాంతాల దగ్గర కొంచెం ఎక్కువ పడుతుంది. జూన్‌లో రోజుకు దాదాపు 13 సెకన్లు అదనం. అంటే సూర్యుడి మధ్యాహ్నం రోజూ 13 సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మధ్యాహ్నం జరిగితే దానికి అటూ ఇటూ ఉన్న ఉదయం, సాయంత్రం కూడా దాంతో పాటే జరుగుతాయి.

మార్చి, ఏప్రిల్‌లలో పగలు వేగంగా పెరుగుతుంటుంది కాబట్టి ఇలాంటి జరుగుబాటు బయటపడదు. జూన్‌లో సూర్యుడు నిలబడిపోయాడని చెప్పాను కదా, పగటి పెరుగుదల సెకన్లకు పడిపోయి, ఈ 13 సెకన్లదే పైచేయి అవుతుంది. అందుకే మీ సూర్యోదయం జూన్ మొదటి పది రోజుల్లోనే వెనుదిరిగింది. అస్తమయం మాత్రం అయనాంతం దాటాక కూడా జూలై మొదటి వారం దాకా ఆలస్యమవుతూనే ఉంటుంది, రాసి పెట్టుకుని చూడండి. పగటి మొత్తం పొడవు మాత్రం 21నే ఎక్కువ. స్టాక్‌హోమ్ లాంటి చోట పగలు పెరిగే వేగం ఎక్కువ కాబట్టి మూడు తేదీలూ దగ్గరదగ్గరగా వచ్చేస్తాయి. భూమధ్యరేఖ వైపు వెళ్లేకొద్దీ దూరందూరంగా జరుగుతాయి.

చివరగా ఒక పని అప్పజెప్తున్నాను. మీరు ఏ అక్షాంశం మీద ఉన్నారో మీ అమ్మాయిని నీడతో లెక్కగట్టమనండి. మీటరు కర్ర, స్కేలు, కాలిక్యులేటర్ చాలు. మధ్యాహ్నం అంటే గడియారంలో 12 కాదు, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న క్షణం. దానికి ముందు అరగంట నుంచి ప్రతి ఐదు నిమిషాలకూ గీత పెడితే దొరికిపోతుంది. నీడ కొస మసగ్గా ఉంటుంది, ఆ మసక మధ్యలో కొలవాలి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు చేసింది ఇలాంటిదే. ఈజిప్టులో సయీన్ అనే ఊళ్లో, ఇప్పటి అస్వాన్, అయనాంతం రోజు మధ్యాహ్నం ఎండ బావి అడుగుదాకా పడుతుందని ఆయన విన్నాడు. అదే సమయానికి అలెగ్జాండ్రియాలో నీడ 7.2 డిగ్రీలు. 360లో అది 50వ వంతు. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని 50తో హెచ్చించి భూమి చుట్టుకొలత చెప్పాడు. ఇల్లు కదలకుండా భూమిని కొలవొచ్చని పిల్లలకు చెప్పడం కన్నా నాకు ఇష్టమైన పాఠం లేదు.

రాళ్లంటే ఇష్టం (జూన్ 19)

ఇంగ్లండ్‌లోని పాతకాలపు రాతి వలయం స్టోన్‌హెంజ్ మాట ఎవరూ ఎత్తలేదేమిటి? అక్కడ చదువుకునేటప్పుడు ఒక ఏడాది జూన్ అయనాంతం రాత్రి వెళ్లాను. మామూలు రోజుల్లో రాళ్ల దగ్గరికి వెళ్లనివ్వరు, ఆ రాత్రి టికెట్ లేకుండా లోపలికి వదులుతారు, వేలమంది వస్తారు. జూన్ అని పల్చటి బట్టల్లో వెళ్లి వణికిపోయాను. తెల్లవారేముందు డప్పులు ఆగాయి, అందరూ ఈశాన్యం వైపు తిరిగారు. రాతి వలయానికి బయట ఒంటరిగా హీల్ స్టోన్ అని ఒక రాయి ఉంది, సూర్యుడు దాని పక్క నుంచి వస్తాడు. రాయికి చేయి ఆనించి చూస్తున్నాను, రాత్రంతా చల్లగా ఉన్న ఆ రాయి మీద ముందు రంగు మారింది, ఆ తర్వాతే సూర్యుడి అంచు నా కంటికి కనిపించింది.

ఆ పెద్ద రాళ్లను నిలబెట్టింది క్రీస్తు పూర్వం 2500 ప్రాంతంలో. డ్రూయిడ్లు (పాత కెల్టిక్ పూజారులు) కట్టారని చాలామంది అంటారు, వాళ్లు ఎన్నో వందల ఏళ్ల తర్వాతివాళ్లు. ఇంకో సంగతి, అదే గీతను వెనక్కి పొడిగిస్తే డిసెంబర్ అయనాంతం రోజు సూర్యుడు అస్తమించే చోటు వస్తుంది. దగ్గర్లో డరింగ్టన్ వాల్స్ అనే పాత నివాస స్థలంలో దొరికిన పంది ఎముకలను బట్టి అక్కడ చలికాలంలో పెద్ద విందులు జరిగాయని పురావస్తు శాస్త్రవేత్తలు అంటున్నారు. కట్టినవాళ్లకు జూన్ ఉదయం కన్నా డిసెంబర్ సాయంత్రమే ముఖ్యమై ఉండొచ్చని నాకు అనిపిస్తుంది.

పొద్దున్నే నడక (జూన్ 24)

మాస్టారూ, 21న పొద్దున్నుంచీ మబ్బు. 22, 23 కూడా అంతే. అమ్మాయి కర్ర పట్టుకుని డాబా మీదికి పదిసార్లు ఎక్కి దిగింది, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. అప్పుడు మీరు రాసిన పదకొండు గీతల పేరా మళ్లీ చదివి వినిపించాను. 16 నుంచి 26 దాకా నీడ కదల్లేదు కదా, మనకింకా మూడు రోజులున్నాయి అన్నాను.

ఇవాళ ఎండ వచ్చింది. కర్ర మీటరే, గుండు దారం కట్టి సరిచూశాం. పన్నెండుకు పది నిమిషాల ముందు నుంచి గీతలు పెట్టడం మొదలుపెట్టింది. నీడ దక్షిణం వైపు పడటం చూసి మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది, ఇన్నేళ్లలో ఎప్పుడూ గమనించలేదంది. పన్నెండుంపావు దాటాక పొట్టి నీడ దొరికింది. 11 సెంటీమీటర్ల 5 మిల్లీమీటర్లు.

నీడను కర్ర ఎత్తుతో భాగించి, ఆ టాన్ విలువకు కోణం ఎంతో కాలిక్యులేటర్‌లో చూస్తే 6.6 డిగ్రీలు వచ్చింది. సూర్యుడు కర్కట రేఖ మీద, అంటే 23.4 దగ్గర ఉన్నాడు, మనం దానికి 6.6 డిగ్రీలు కింద ఉన్నాం, కాబట్టి 16.8 అని తనే తీసేసింది. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే మా ఇల్లు 17.0.

ఆ 0.2 ఎక్కడ పోయిందో తేల్చాలని ఇప్పుడు నీడ మసకను భూతద్దంతో చూస్తోంది. రేపు కూడా ఎండ ఉంటే మళ్లీ కొలుస్తుందట, ఈసారి కర్ర కొసకు చిల్లు పెట్టిన అట్టముక్క అంటించి, ఆ చిల్లులోంచి పడే వెలుగు చుక్క చూసి.